బడిపంతులు పెంచిన బంతియాట

వేసవి ముదిరి గోదావరి నీరు తీసిన దినములలో, ధవళేశ్వరపు ఆనకట్టకు దిగువను ఏటి నడుమ ఇసుకతిన్నెలు బయటపడగా, ఎండ వాలుచుండగనే మా యూరి పిల్లలు బంతి చంకనిడుకొని అచ్చటికి దిగుదురు. చెప్పులు గట్టున విడిచి, రెండు తాటిమట్టలు పాతి వానినే గోలు స్తంభములు చేసికొని, చీకటి పడువరకు ఆడుదురు. ఇసుకలో అడుగడుగునకు కాలు దిగబడును. నేలబారుగా తన్నిన బంతి రెండు బారలు పోకమున్నే ఆగిపోవును. కావున ఆ పిల్లలకు బంతిని ఎత్తి కొట్టుట వచ్చును గాని, నేలమీద ఒకరికొకరు అందించుకొనుచు ముందునకు సాగుట రాదు. పిక్కబలమునకు, ఊపిరికి వారికి లోటు లేదు. లోటెల్ల గట్టినేలకును, ఆ నేలపై నిలిచి ప్రతి సాయంకాలము వారి ఆటను దిద్దగల మనిషికిని. పెద్దల జట్లు గెలిచిన కప్పులను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది గలరు. ఆ పెద్దలు పిల్లలై యున్ననాడు బంతికి పాదమెట్లు ఆనించవలయునో చూపినవారిని గూర్చి వ్రాసినవారు అరుదు.

కాటను దొర 1847లో ఇచ్చట ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. అటుపిమ్మట పదునొకండేండ్లకు, 1863లో గాని, లండనులో ఫుట్‌బాల్ సంఘమువారు కూడి నేటి యాటకు నియమములు వ్రాసికొనలేదు; అనగా ఆనకట్ట రాళ్లు పేర్పించిన దొరలకు గాని, మోసిన కూలీలకు గాని ఈ యాట ఈ రూపమున తెలియదు. అది పటాలములతోను, మిషనరీ బళ్లతోను, కళాశాలలతోను మన దేశమునకు వచ్చి, 1888లో సిమ్లాలో డ్యూరాండు కప్పు పోటీయై వెలసి, 1911 జూలై 29వ తేదీన, పదిమంది వట్టికాళ్లతో ఆడిన మోహన్‌బగాన్ జట్టు కలకత్తాలో ఈస్ట్ యార్క్‌షైర్ పటాలమును ఓడించిన నాటితో మనదైనది. మద్రాసు రాజధానిలో 1920లో హెచ్. సి. బక్ వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిన పిదప, శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టర్లు హైస్కూళ్లకు చేరి పిల్లలకు ఆటలు నేర్పిరి. అయితే బడిలో పుట్టిన జట్టునకు బడితోనే ఆయువు తీరును. స్కూలు ఫైనలు పరీక్ష ముగిసిన మరునాడు ఆ బాలుని చేరదీయు క్లబ్బు ఊరిలో లేనిచో, అంతవరకు నేర్చిన విద్య ఏమి కావలయును? ఇంగ్లండున పెద్ద లీగు పోటీల వెలుపలనుండు చిన్నచిన్న ఊళ్ల క్లబ్బులు సైతము పెద్దల జట్టుతోపాటు బాలుర జట్లను గూడ నడపుకొనుట ఇందుకే. నారుమడి లేక ఊడ్పు లేదని మా డెల్టా రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగుదేశమున ఇట్టి యేర్పాటు బలముగా నెలకొన్నది హైదరాబాదున. 1909లో ఆ నగరమున జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులోను, కమర్ క్లబ్బు తరఫునను ఆడినవాడు. మూసీ యొడ్డునగల సిటీ కాలేజి విద్యార్థులును పూర్వవిద్యార్థులును కలిసి నడపుకొన్న జట్టొకటి మొదట ఎలెవన్ హంటర్స్ అనియు, పిమ్మట సిటీ కాలేజి ఓల్డ్ బాయ్స్ అనియు ప్రసిద్ధి గాంచినది; రహీం అందును ఆడెను. చదువుకొనుచున్న బాలుడును, చదువు ముగించి కొలువులో కుదిరిన యువకుడును ఒక్క చొక్కా తొడిగి ఒక్క మైదానమున నిలుచుట చూపునకు స్వల్పవిషయమే. కాని చిన్నవాడు పెద్దవాని ప్రక్కన ఆడుచు నేర్చుకొను విద్య ఏ పాఠ్యక్రమమునందును ఇమడదు. కోస్తా జిల్లాలలో బడి గుమ్మమువద్ద తెగిపోయిన దారము అచ్చట తెగకపోవుటకు ముఖ్యకారణమిదియే యని నా నిశ్చయము.

వృత్తిచేత రహీం బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాటు హైస్కూలు ఆయన పనిచేసిన బళ్లు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, ఆ బాధ్యతను మరణపర్యంతము వహించెను. 1950లో సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడు కాగా, ఆ యేడు మొదలు 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్పును ఆ జట్టు వరుసగా ఐదుమార్లు గెలిచెను. దేశమంతయు చూచినది ఈ కప్పులనే; వాని వెనుకనున్న బడిపంతులు బుద్ధిని చూచినవారు కొలదిమంది.

ఆ బుద్ధికి ఒక్క నిదర్శనము చాలును. కుడికాలి వాటము గల బాలునకు బంతి ఎడమప్రక్కకు వచ్చినప్పుడు, వాడు ఒక అడుగు వెనుకకు వేసి, ఒడలు త్రిప్పి, బంతిని కుడికాలికి తెచ్చుకొనును. ఆ మలుపులో రెప్పపాటు కాలము జారిపోవును, అంతలో ఎదుటివాడు వచ్చి మీదపడును. ఎన్నిమార్లు కేకలు వేసి చెప్పినను ఈ యలవాటు పోదు. రహీం కేకలు మాని, వాటము లేని కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు నడిపించెను. ఒంటరిగా బంతిని కాళ్లవెంట త్రిప్పుకొనుచు పోరాదను నియమముతోను పోటీలు పెట్టెను. అట్టి పోటీలో మొదటి దినములలో ఆట ఎంత వికారముగా నుండునో ఊహింపవచ్చును: బంతి ఒకదిక్కున, తన్నినవాడు మరొకదిక్కున. కొన్ని వారములకు బాలుడు ప్రక్క చూడక, ఆలోచింపక, వచ్చిన బంతిని వచ్చిన కాలితోనే అందించివేయును. ఆటనే పాఠముగా మలచిన యీ యుపాయము తరగతిగదిలో ఏండ్లతరబడి పిల్లలను చూచినవానికే తట్టునది.

1952 హెల్సింకి ఒలింపిక్సులో భారత జట్టు యుగోస్లావియా చేతిలో పదింటికి ఒకటిగా ఓడిన పిదప, వట్టికాళ్ల ఆట ఇక చెల్లదని బూట్లు తప్పనిసరి చేయబడినవి. న్యాయమైన నిబంధనయే, కాని దాని బరువు బీదవాని పిల్లవానిపై పడినది. సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం అట్టి బాలుడే. పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టువాడు చేసియిచ్చిన జోడు ఆతని తొలి బూట్లు. ఆతని ఆట రహీం కంటబడినది. కాని అమ్ముగూడనుండి హైదరాబాదు మైదానమునకు దినదినము వచ్చిపోవుటకు చేత డబ్బు లేదు. రహీం సైకిలు ఏర్పాటుచేసి రప్పించుకొనెను. ఆ సైకిలునకయిన సొమ్ము ఎంత స్వల్పము! అదియే కొరతయై, మరియొక యూరిలో ఇట్టివారెందరు ఇంటనే నిలిచిపోయిరో తలచిన మనసు కలచివేయును.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, ధవళేశ్వరమును హైదరాబాదును ఒకే రాష్ట్రమునకు చెందినవి. నెల తిరిగి డిసెంబరు 1వ తేదీ వచ్చునప్పటికి మెల్బోర్నున భారత జట్టు ఆస్ట్రేలియాను నాల్గింటికి రెండుగా ఓడించి ఒలింపిక్సు సెమీఫైనలునకు చేరెను. తుదకు నాల్గవ స్థానము దక్కినది. శిక్షకుడు రహీం. జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం: హైదరాబాదు, సికిందరాబాదు మైదానములలో తేలినవారు, నెలనాటినుండి గోదావరివారికిని స్వరాష్ట్రీయులు. జాతీయ పోటీయగు సంతోష్ ట్రోఫీలో ఆ యేటిదానిని, మరుసటి యేటిదానిని హైదరాబాదే గెలిచినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణము తెచ్చునాటికి రహీంను క్యాన్సరు వ్యాధి తినుచుండెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసెను.

పెంపకపు ఫలము కొంతకాలము నిలిచినది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచెను. 1974లో బ్యాంకాకున జరిగిన ఆసియా యువజన పోటీలో భారత బాలురు ఇరానుతో కూడి సంయుక్త విజేతలు కాగా, వారి నాయకుడు షబ్బీర్ అలీ హైదరాబాదువాడే. ఆ తరువాత సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు మరల రాలేదు. దీనికి కారణములు పలువురు పలువిధములుగా చెప్పుదురు. నాకు తోచునదేమనగా, ఉద్యోగమిచ్చి ఆటగాండ్రను చేర్చుకొను శాఖల జట్లు తయారైన యువకుని కోరును గాని, తయారుచేయు శ్రమను కోరవు. పిల్లల జట్టు కప్పు తేదు గనుక దానికి ధనమిచ్చు పోషకుడును ఉండడు. 1960లో సుబ్రతో కప్పు, 1962లో బి. సి. రాయ్ ట్రోఫీ బాలురకై వెలసినవి, మంచిదే. కాని అవి యేడాదిలో కొన్ని దినముల పండుగలు. తక్కిన దినములలో పిల్లవాని ఆటను ఎవరో ఒకరు చూడవలెను గదా.

ఈ కారణముచేతనే, హైస్కూళ్లలో సాయంకాలపు ఆటల పీరియడును లెక్కల పాఠమునకు, పరీక్షల పునశ్చరణకు అప్పగించివేయుట నాకు మిక్కిలి బాధ కలిగించును. గోదావరి జిల్లాలలోని ప్రతి హైస్కూలులోను ఆ గంట మరల నిలుపవలెను. బడి విడిచిన కుర్రవాండ్రను సైతము ఆ గంటలో మైదానమునకు రానిచ్చి, చదువుచున్నవారి ప్రక్కన ఆడనీయవలెను. సిటీ కాలేజి పిల్లలు చేసికొన్నదియు ఇంతే.