అత్తిలినాటి అర్హనంది

కామవరపుకోటకు చేరువనున్న జీలకర్రగూడెము కొండలలో గుంటుపల్లి గుహలు కలవు. అవి బౌద్ధభిక్షువుల ఆవాసములని ఎల్లవారు ఎరిగినదే. అచటి స్తంభశాసనమొకటి మహామేఘవాహన వంశీయుడైన సిరిసదుడను రాజును పేర్కొనుచున్నది. అదే వంశనామము ధరించిన కళింగాధిపతి ఖారవేలుడు జైనుడు. కొల్లేటి ఒడ్డునుండి గోదావరి పాయలవరకు గల ఈ వేంగి సీమలో బౌద్ధమువలెనే జైనమును ఒకనాడు వర్ధిల్లినది. బౌద్ధుల కొండ నేటికిని నిలిచియున్నది. జైనుల జాడ మాత్రము పెక్కుచోట్ల రాగిరేకులలోనే వెదకవలసియున్నది.

అట్టి రాగిరేకులలో ముఖ్యమైనది కలుచుంబఱ్ఱు శాసనము. ఫ్లీటు పండితుడు దీనిని పరిష్కరించి ప్రకటించెను. తూర్పు చాళుక్యుడైన రెండవ అమ్మరాజు క్రీ. శ. 945లో సింహాసనమెక్కెను. అతడు అత్తిలినాటిలోని కలుచుంబఱ్ఱు గ్రామమును జైనధర్మమునకు దానమిచ్చెను. నేటి తాడేపల్లిగూడెమునకు ఆగ్నేయముననున్న అత్తిలి పేరే ఆ నాటి పేరు. దానము కోరినది చామేకాంబ. ఆమె పట్టవర్ధిక వంశమున పుట్టినది, రాజునకు ప్రియురాలు, చరిత్రకారులు ఆమెను గణికగా చెప్పుదురు. జైనధర్మమునందు మాత్రము ఆమె శ్రావిక. అర్హనంది ముని శిష్యురాలు.

ఈ అర్హనంది ఎవరు? ఏ ఊర పుట్టెను, తల్లిదండ్రులెవరు అను ముచ్చట శాసనములో లేదు. సన్యసించినవానికి గురుపరంపరయే వంశము. సకలచంద్ర సిద్ధాంతుని శిష్యుడు అయ్యపోటి. ఆతని శిష్యుడు అర్హనంది. గణము వలహారి; గచ్ఛము అడ్డకలి. ఇంతమాత్రమే ఆయన జీవితచరిత్ర.

అయినను ఆ మార్గమెట్టిదో మనకు తెలియును. దక్షిణదేశమున ఆనాటి జైనమునులు ప్రాయికముగా వస్త్రమును సైతము విడిచినవారు. చేత నెమలిపింఛము, కమండలువు. ఇంతకుమించి సొత్తు లేదు. పింఛము అలంకారము కాదు. కూర్చుండుచోట చిన్నప్రాణి నలుగకుండ మెల్లగా ఊడ్చుటకు. తలవెండ్రుకలను చేతితోనే పెరికికొందురు. దినమునకు ఒక్కమారే, నిలువబడి, దోసిటనే భుజింతురు. వానకారు నాలుగు నెలలు ఒకచోట నిలిచి, తక్కిన కాలమున కాలినడకను సంచరింతురు.

ఏమియు తనదనరాదను వ్రతము గలవాడు ఒక గ్రామమును ఎట్లు స్వీకరించెను? ఇది న్యాయమైన ప్రశ్న. సమాధానము శాసనములోనే కలదు. దానము సర్వలోకాశ్రయ జినభవనమునకు చెందిన భోజనశాల జీర్ణోద్ధరణకు. పంక్తిలో కూర్చుండి భుజించుట ముని ధర్మము కాదు. తాను అనుభవింపరాని దానిని ఇతరుల ఆకలి తీర్చుటకై ఆయన అందుకొనెను. ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అను నాలుగు దానములను జైనులు గృహస్థునకు విధించిరి. వానిలో మొదటిదే చామేకాంబ చేసినది.

కాని ఈ ఏర్పాటులో ఒక చిక్కు కలదు. 10వ శతాబ్ది నాటికి సంచారము మాని, బసదుల పాలన చేపట్టిన మునులు దక్షిణదేశమున పెక్కురు. గ్రామము చేతికి వచ్చినప్పుడు లెక్కలును వచ్చును. రాజు దయపై ఆధారపడుటయు వచ్చును. తరువాతి శతాబ్దిలో, రాజరాజ నరేంద్రుని కొలువున నన్నయభట్టు భారతమును తెనిగించునాటికి, రాజాదరము వైదికధర్మము వైపు మొగ్గియుండెను. తీరాంధ్రమున జైనము క్రమముగా క్షీణించినది. దోసిటి కూటితో బ్రతుకగల ముని బ్రతుకును. మాన్యముపై నిలిచిన శాల మాన్యముతోనే పోవును.

ఈ ప్రాంతమున నూయి త్రవ్వునప్పుడో, పొలము దున్నునప్పుడో రాతిబొమ్మ బయటపడిన, వెంటనే బుద్ధుడని తలపకుడు. మేన వస్త్రపు మడత లేక, చేతులు నిటారుగా చాచి నిలిచియున్నదా, తలపై మూడు గొడుగులున్నవా అని చూడుడు. ఉన్నచో అది జినుని మూర్తి కావచ్చును. దానిని కదలింపక అధికారులకు తెలుపుడు. అర్హనంది వంటివారి చరిత్రకు మరియొక పంక్తి దొరకవలెనన్న, అది మన సేద్యగాండ్ర నాగటి చాలునుండియే రావలసియున్నది.