సముద్రం పాలైన నీళ్ళు

మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు సముద్రం లేదు. బంగాళాఖాతం చూడాలంటే రైలెక్కి పోవలసిందే. అటువంటప్పుడు మన ప్రత్యేక సంచికలో సముద్ర ప్రవాహాల సంగతి ఎందుకని మిత్రులు అడగవచ్చు. నీటిపారుదల శాఖలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసినవాణ్ణి గనుక చెబుతున్నాను. వానాకాలంలో మన ఆఫీసుల్లో "ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలయ్యాయి" అన్నంత తరచుగా మరో మాట వినబడేది కాదు. సముద్రం పాలయ్యాక ఆ నీళ్ళు ఏమయ్యాయని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

గోదావరి బాసర, ధర్మపురి, మంథని మీదుగా సాగి, కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకొని, భద్రాచలం, ధవళేశ్వరం దాటి సముద్రంలో కలుస్తుంది. దాని ప్రయాణం అక్కడితో ఆగదు. తీరం వెంట సముద్రంలోనే ఒక ప్రవాహం ఉన్నది. ఫిబ్రవరి నుంచి మే వరకు అది ఉత్తరంగా బెంగాలు వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణంగా మద్రాసు వైపు పారుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం ఓడలకు పోయే నెలలు, వచ్చే నెలలు వేరుగా ఉండేవంటే ఋతుపవనాల గాలులే కారణం. ఈ ప్రవాహాన్ని తిప్పడంలోనూ ఆ గాలులదే పెద్ద చేయి.

వానలు వెనుకబట్టాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన మంచినీరు ఉప్పునీటికంటే తేలిక గనుక పైన తేలుతూ, ఒడ్డు వెంటే దక్షిణానికి సాగుతుంది. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు దీన్ని "సముద్రంలో నది" అన్నారు. వెడల్పు దాదాపు 100 కిలోమీటర్లు. బంగాళాఖాతం ఉత్తర కొస నుంచి దేశం దక్షిణ కొసకు చేరడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. దీని ఆచూకీ తీసింది పెద్ద యంత్రాలు కావు. తీరం పొడవునా జాలరులు క్రమం తప్పకుండా సీసాల్లో పట్టి ఇచ్చిన నీళ్ళు. మన గేజి రీడర్లను ఎరిగినవాడిగా నాకు ఈ సంగతి ఎంతో నచ్చింది.

ఈ మంచినీటి పొర అడుగున ఉన్న చల్లని నీటిని పైకి రానివ్వదు. వేడి పైననే నిలుస్తుంది, తుఫాన్లకు బలమిస్తుంది. 1951-2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలం సుమారు 1 డిగ్రీ వేడెక్కింది. దాని ఉత్తర భాగంలో నీటిమట్టం 1993-2017 మధ్య ఏటా సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. గాలులు మారినా, నదులు తెచ్చే నీరు మారినా తీర ప్రవాహం మారక తప్పదు. వాతావరణ మార్పు ఈ రెండింటినీ తాకుతున్నది.

నీళ్ళకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒండ్రు. 1963 జులైలో నెహ్రూగారు పోచంపాడులో శంకుస్థాపన చేశారు. 112 టీఎంసీల జలాశయం అనుకున్నది, 1990లలో కొలిస్తే 90 చిల్లర తేలింది. తక్కినదంతా పూడికే. ఆ పూడిక న్యాయంగా డెల్టాకు చేరవలసిన సొత్తు. గోదావరి 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకుపోయేది. పైన, కింద ఆనకట్టలు లేచాక, 1990లలో అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1976-2001 మధ్య డెల్టా అంచున నికరంగా 18 చదరపు కిలోమీటర్ల నేల కోతకు పోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కకట్టారు. కొత్త మన్ను రానప్పుడు అలలు పాతదాన్ని కోస్తాయి. పెరిగే నీటిమట్టం దానికి తోడు.

ఆనకట్టలు వద్దనడం లేదు. కాకతీయ కాలువ రాకముందు బావులెండిన కరీంనగర్ పల్లెలు ఎలా ఉండేవో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఆ కాలువ ఖర్చులో కొంత, ఎన్నడూ మనం చూడని డెల్టా అంచు ఊళ్ళ మీద పడింది. ఈ పద్దు మన ప్రాజెక్టుల చరిత్రలో రాయకుండా వదిలేయడం సరికాదని నా అభిప్రాయం.

ఇక సముద్రం మన దాకా వచ్చే తీరు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలు గోదావరి లోయ పట్టుకొని పైకి వస్తాయి. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరింది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతివృష్టులు 1950-2015 మధ్య మూడింతలయ్యాయని 2017లో పుణె శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ తేమలో పెద్ద వాటా అరేబియా సముద్రానిది. అంటే రెండు సముద్రాలూ మనకు దగ్గరివే!

కడెం ప్రాజెక్టుకు 1958లో గండి పడింది, 1995లో మళ్ళీ పడింది. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. గేట్లు వదలగలిగింది సుమారు 3 లక్షలు. 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. కింది ఊళ్ళు ఖాళీ చేయించారు, కట్ట ఎట్లాగో నిలిచింది. 2023 జులైలో నీళ్ళు మరోసారి గేట్ల మీదుగా పొర్లాయి. ఆ రెండేళ్ళూ కడెం వరద గోదావరిలో కలిసి, కాళేశ్వరం, ధవళేశ్వరం దాటి, సముద్రం పాలయింది.