చందాదారుడు ఇచ్చే అప్పు

పత్రిక చందా చిత్రమైన లావాదేవీ. పాఠకుడు ఏడాది సొమ్ము ముందే చెల్లిస్తాడు; సరుకు మాత్రం అప్పటికి తయారై ఉండదు. రేపు ప్రభుత్వం ఏం చేస్తుందో, దానిపై సంపాదకుడు ఏం రాస్తాడో తెలియకుండానే ఇచ్చే అప్పు అది. దానికి హామీ నమ్మకం ఒక్కటే. మన దేశంలో పత్రికల ధరల చరిత్ర నిజానికి ఈ నమ్మకం చరిత్ర కూడా.

1903లో డర్బన్‌లో మొదలైన ‘ఇండియన్ ఒపీనియన్’ను నిలబెట్టడానికి గాంధీ తన న్యాయవాద వృత్తి సంపాదనను ధారపోశారు. ఒక దశలో నెలకు 75 పౌండ్ల దాకా పంపవలసి వచ్చిందని ఆత్మకథలో చెప్పుకున్నారు. అయినా కొన్నేళ్లకు ఆ పత్రికలో వాణిజ్య ప్రకటనలు మానేశారు. స్వదేశానికి వచ్చాక ‘యంగ్ ఇండియా’, ‘నవజీవన్’లలోనూ వాటికి చోటివ్వలేదు. ప్రకటనలు లేని పత్రికకు పాఠకుడే పోషకుడు. కనుక జవాబు చెప్పుకోవలసిందీ అతడికే.

స్వాతంత్ర్యానంతరం ధర విషయంలో రాజ్యం జోక్యం చేసుకుంది. ఎన్ని పేజీలకు ఎంత ధర ఉండాలో నిర్ణయించే అధికారాన్ని 1956 నాటి చట్టం కేంద్రానికి కట్టబెట్టింది. పెద్ద పత్రికల పోటీ నుంచి చిన్న పత్రికలను కాపాడటమే లక్ష్యమన్నారు. 1960లో ఉత్తర్వు వెలువడగానే, పేజీలైనా తగ్గించాలి, ధరైనా పెంచాలి అన్న పరిస్థితి ఎదురైన పుణె మరాఠీ దినపత్రిక ‘సకాళ్’ సుప్రీంకోర్టుకెక్కింది. ధర పెరిగితే పాఠకులు తగ్గుతారు, పాఠకులను తగ్గించడమంటే భావప్రకటనా స్వేచ్ఛను కుదించడమే అని 1961లో న్యాయస్థానం తేల్చింది. చట్టమూ ఉత్తర్వూ చెల్లవంది.

ఆ దశాబ్దంలోనే పాఠకుల నమ్మకం ఎంత విలువైనదో మరో ఘటన చాటింది. సచిన్ చౌధురి 1949లో బొంబాయిలో నెలకొల్పిన ‘ఎకనామిక్ వీక్లీ’, యజమానులతో విభేదాల కారణంగా 1965 చివర ఆగిపోయింది. అభిమానులు విరాళాలు పోగుచేశారు. 1966 ఆగస్టులో అదే ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’గా మళ్లీ వెలువడింది. యజమాని తప్పుకున్నా పాఠకుడు తప్పుకోలేదు.

1994లో కథ మలుపు తిరిగింది. ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ ఢిల్లీలో ధరను భారీగా తగ్గించి పోటీదారులనూ ఆ బాట పట్టించింది. పత్రిక చవకైంది, పాఠకుడు సంతోషించాడు. కాని అతడు చెల్లించే సొమ్ము ఉత్పత్తి వ్యయానికి చాలనప్పుడు, మిగిలినది భరించే ప్రకటనకర్తే అసలు ఖాతాదారు అవుతాడు. పాఠకుల సంఖ్య అతడికి అమ్మే సరుకవుతుంది.

డిజిటల్ యుగంలో ప్రకటనల రాబడి చెదిరిపోయి, ప్రచురణ సంస్థలు తిరిగి చందాదారుడి గుమ్మం ముందు నిలిచాయి. ఇది మంచి పరిణామమే. అయితే కొత్తగా చేరేవారికి నామమాత్రపు ధర, ఏళ్లుగా అంటిపెట్టుకున్నవారికి పూర్తి ధర అన్న పద్ధతి వ్యాపించింది. గడువు ముగిసిన సంగతి ఖాతాలోంచి డబ్బు పోయాకే తెలియడం, చేరడం తేలికై మానడం కష్టం కావడం చందాల వ్యాపారమంతటా సాధారణమయ్యాయి. అందుకే స్వయంచాలక చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు వినియోగదారుకు తెలియజేయాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమలైంది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ‘చందా ఉచ్చు’ను నిషిద్ధ పద్ధతుల జాబితాలో చేర్చింది. ఈ నిబంధనలు పత్రికలకే పరిమితం కావు. అయినా ఒకనాడు ధర విషయంలో రాజ్యంపై పోరాడి గెలిచిన పత్రికారంగం, అదే రాజ్యం పాఠకుడికి కల్పించిన రక్షణ పరిధిలోకి రావలసివచ్చింది.

కొత్తవారికి రాయితీ ఏ వ్యాపారంలోనైనా మామూలేనని వాదించవచ్చు. ధర పెంచడమూ నేరం కాదు; వార్త సేకరణకు ఖర్చవుతుంది. కాని ప్రభుత్వాల లెక్కలు అడగడమే వృత్తిగా గల సంస్థ తన లెక్కను పాఠకుడికి దాచకూడదు. ధర ఎంత పెరుగుతుందో, ఎందుకు పెరుగుతుందో గడువుకు ముందే చెప్పి అతడి సమ్మతి తీసుకోవాలి. పాత చందాదారుడికి కొత్తవాడికంటే తక్కువ మర్యాద దక్కకూడదు. అధికారం పత్రికపై కన్నెర్ర చేసిన రోజున దాని పక్షాన నిలిచేది తొలినెల రాయితీకి వచ్చినవారు కాదు, ఏటేటా నమ్మి డబ్బు కట్టినవారే.