సముద్రం దాటిన పోతం జానకమ్మ

పందొమ్మిదో శతాబ్దపు మద్రాసు హిందూ కుటుంబాల్లో సముద్రయానం కులభ్రష్టతకు దారితీసే అపరాధంగా చలామణీ అయ్యేది. బౌధాయన ధర్మసూత్రం దానిని పాతకాల్లో చేర్చింది గనుక, ఓడ దిగి వచ్చినవారు పాలు, పెరుగు, నెయ్యి, గోమూత్రం, గోమయం కలిపిన పంచగవ్యాన్ని సేవించి ప్రాయశ్చిత్తం చేసుకుంటే తప్ప, చాలా ఇళ్లలో వారికి బంధువుల పంక్తిలో విస్తరి వేసేవారు కాదు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని, ఆఫ్రికా ఖండాన్ని చుట్టివచ్చే దూరభారం తప్పినా ఈ కట్టుబాటు మాత్రం సడలలేదు.

అటువంటి రోజుల్లో పోతం జానకమ్మ భర్త రాఘవయ్యతో కలిసి ఇంగ్లండుకు ప్రయాణమయ్యారు. ఇల్లు, బంధుత్వాలే స్త్రీ లోకమని సమాజం గిరి గీసిన కాలంలో ఆమె సంసారాన్ని కాదనుకోకుండానే, భర్త తోడుగా ఆ గిరి దాటడం ఆమె కథలో అన్నిటికన్నా విలువైన అంశం. చూసినవాటిని మొదట తెలుగులో రాసి, తరువాత ఆంగ్లంలోకి తెచ్చి, 1876లో మద్రాసులో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’గా వెలువరించారు. ఏనుగుల వీరాస్వామి 1830-31 నాటి కాశీయాత్రా రచనకు దక్కిన ప్రశస్తిలో నాలుగో వంతైనా ఈ గ్రంథానికి దక్కకపోవడం నిజంగా బాధాకరం. సముద్రయానంపై ఆ కట్టుబాటు ఎంత బలమైనదంటే, ఆమె ప్రయాణం తరువాత చాలా ఏళ్లకు కూడా, 1888లో, లండన్ చదువుకు బయలుదేరిన గాంధీని బొంబాయిలోని ఆయన కులపెద్దలు వెలివేశారు.