సనదు తరువాతి సంగతి: మన మూడు జిల్లాల పాత పట్టభద్రులు

ప్రతి యేటా ఈ సంచిక చివరి పేజీలలో ఆ సంవత్సరం డిగ్రీ, పీజీ, ఇంజనీరింగు పాసైన మన పిల్లల పేర్లు వేస్తున్నాము. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు చోట్ల నుండి పేర్లు వస్తవి. పేరు, తండ్రి పేరు, చదువు, ఉద్యోగం అని నాలుగు గడులు. నాలుగో గడిలో కొందరికి హైదరాబాదు కంపెనీ, కొందరికి దుబాయి, చాలామందికి ఖాళీ. సంచిక చేతికి రాగానే పెద్దలు ముందు ఆ నాలుగో గడినే చూస్తారు. చూడడం తప్పని మేము అనము. ఇంట్ల పొయ్యి వెలగాలంటే జీతం రావలసిందే. అయితే మన ప్రాంతం నుండి తొలి తరాలలో యూనివర్సిటీ మెట్లు ఎక్కినవారికి ఇదే నాలుగో గడి గీసి పెడితే అందులో ఏమి రాయవలసి వస్తుందో ఒకసారి చూడాలని మాకు చాలా రోజుల నుండి ఉన్నది.

అప్పుడు యూనివర్సిటీ అంటే జామియా ఉస్మానియా ఒక్కటే. 1917లో నిజాం ఫర్మానా వెలువడింది, 1919 ఆగస్టులో 225 మంది విద్యార్థులతో తరగతులు మొదలైనవి. హైదరాబాదు అబిడ్స్ దగ్గర కిరాయి భవనాలలో నడిచింది. నేడు అందరూ ఫోటో దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గాని తయారు కాలేదు. ఈ విద్యాలయపు విశేషం ఏమంటే, పై చదువులన్నీ ఇంగ్లీషులో కాక దేశభాష అయిన ఉర్దూలో చెప్పడం. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి, మౌల్వీ అబ్దుల్ హఖ్ సాహెబ్ చేతికిచ్చి, గణితం, వైద్యం, చట్టం, అర్థశాస్త్రం పుస్తకాలను ఉర్దూలోకి తెప్పించినారు. ఉర్దూలో పాఠం చెప్పి బ్రతికే మా వంటి వారికి ఈ సంగతి తలచుకుంటే ఛాతీ కొంచెం విప్పారడం సహజమే. కాని న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలె. ఈ రాజ్యంలో అత్యధికుల ఇంటి భాష తెలుగు. మాతృభాషలో బడి దొరకని పల్లె పిల్లవానికి ఉర్దూ కూడా ఇంగ్లీషు లాగే నేర్చుకోవలసిన పరాయి భాషే అయింది. దేశభాష అన్న పేరు అందరికీ సమానంగా అన్వయించలేదు. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను ఇదే యూనివర్సిటీ హాస్టళ్ళ నుండి, తరగతుల నుండి వెళ్ళగొట్టింది. వారిలో ఎంతోమంది నాగపూరు పోయి చదువుకోవలసి వచ్చింది. మంచీ చెడూ రెండూ ఒకే గడపలో ఉన్నవి.

జనగామకూ, మహబూబాబాద్‌కూ రైలు ఉన్నందువల్ల పట్నం చదువు వారికి కొంచెం దగ్గరైంది. భూపాలపల్లి రైలు బాట మీద లేదు. అడవి, ఆ తరువాత బొగ్గు గనులు. అందుచేత అక్కడి వారి లెక్క వేరు, దానిని చివర చెప్తాము.

ముందు మహబూబాబాద్, అంటే మన మానుకోట. మర్హూమ్ షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరు 17న ఆ తాలూకా సుబ్రవేడు గ్రామంలో పుట్టినారని ఆయన జీవితం రాసినవారు చెప్తారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసులో అధికారి. కొడుకు పుట్టిన రోజుననే ఆ తండ్రి రైల్వే స్టేషన్‌లో గాంధీజీని చూసినాడనీ, ఆ ముచ్చటతో పిల్లవాణ్ణి ముద్దుగా "షోయబుల్లా గాంధీ" అని పిలిచేవాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ ఎట్లున్నా పిల్లవాడు చదువులో ముందుకు పోయి ఉస్మానియాలో బి.ఏ. పట్టా తీసుకున్నాడు. ఆ రోజులలో ఉస్మానియా బి.ఏ. అంటే సర్కారు నౌకరీ దూరపు వస్తువు కాదు. అందులోనూ నౌకరీలో ఉన్న తండ్రి కొడుకు. దరఖాస్తు పెట్టుకొని ఏ కచేరీలోనో కుర్చీ సంపాదించుకొని ఉంటే మన నాలుగో గడి నిండి ఉండేది.

ఆయన పత్రికలోకి పోయినాడు. మొదట "తేజ్" అనే ఉర్దూ వారపత్రిక, తరువాత మందుముల నరసింగరావు గారి "రయ్యత్". రెండింటి మీదా సర్కారు నిషేధం పడింది. పని చేసే పత్రికలు ఒకటి వెంట ఒకటి మూతబడితే ఎవరైనా వేరే దారి చూసుకుంటారు. ఈయన 1947 నవంబరులో స్వయంగా "ఇమ్రోజ్" దినపత్రికను మొదలుపెట్టినాడు. ఇమ్రోజ్ అంటే ఈనాడు, ఈ దినం అని అర్థం. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలవాలనీ, రజాకార్ల దౌర్జన్యం ఆగాలనీ ఆ పత్రిక ఉర్దూలోనే రాసింది. ఇక్కడ చదువరి ఒక్క క్షణం ఆగాలె. ఇది తెలుగు పత్రికలోనో, మదరాసు పత్రికలోనో వచ్చిన రాత కాదు. ఏ భాషలో పాలకులు ఫర్మానాలు రాసుకున్నారో ఆ భాషలోనే, వారి గల్లీలలో వారు చదివేటట్లు రాసినాడు. 1948 ఆగస్టులో కొందరు ముస్లిం పెద్దలు యూనియన్‌లో చేరడమే మేలని ఒక ప్రకటన చేస్తే దానిని ఇమ్రోజ్ అచ్చు వేసింది.

1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని ఇంటికి పోతుండగా కాచిగూడ వైపు ఆయనను కాల్చినారు. రాసే చేతిని నరికినారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా కత్తి దెబ్బకు చెయ్యి పోగొట్టుకొని ప్రాణంతో మిగిలినాడు. తెల్లవారక ముందే షోయబుల్లా ఖాన్ చనిపోయినాడు. ఇరవై ఎనిమిది యేండ్లు ఇంకా నిండలేదు. నాలుగు వారాలు తిరగక ముందే సెప్టెంబరు 17న సంస్థానం కథ ముగిసింది.

రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ కూడా చదువురానివాడు కాదు. అలీగఢ్‌లో న్యాయశాస్త్రం చదివి, లాతూరులో వకాలతు చేసినవాడే. ఇద్దరి పేర్లనూ మన జాబితాలో పక్కపక్కన వేస్తే మూడో గడిలో ఇద్దరికీ యూనివర్సిటీ చదువే కనబడుతుంది, నాలుగో గడిలో వకీలుదే పై చేయి అవుతుంది. రజ్వీ జైలు నుండి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయినాడు. ఇక్కడ మిగిలిన సాదాసీదా ముసల్మానులు ఆయన మాటలకు ఎన్నో యేండ్లు జవాబు చెప్పుకుంటూ బ్రతికినారు. షోయబుల్లా పేరు మాత్రం మన సొంత జలసాలలో కూడా తక్కువగానే వినబడుతుంది. ఎందుకో పెద్దలు ఆలోచించాలె.

అదే మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరులో 1925లో దాశరథి కృష్ణమాచార్య పుట్టినారు. శ్రీవైష్ణవ కుటుంబం, ఇంట్లో సంస్కృతం, బడిలో ఉర్దూ. ఖమ్మం హైస్కూలులో మెట్రిక్, ఉస్మానియాలో బి.ఏ. నిజాంకు వ్యతిరేకంగా కవిత్వం చెప్పినందుకు నిజామాబాదు జైలులో పెట్టినారు. ఆయన నాలుగో గడి నింపాలంటే ఒక్క గడి చాలదు. ఉపాధ్యాయుడు, పంచాయతీ ఇన్‌స్పెక్టరు, ఆకాశవాణి ఉద్యోగి, సినిమా పాటల రచయిత, 1977 నుండి రాష్ట్ర ఆస్థాన కవి. 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం. మా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద పని మరొకటి ఉన్నది. నిజాం జైలుకు పోయి వచ్చిన ఆ మనిషే గాలిబ్ గజళ్ళను "గాలిబ్ గీతాలు"గా తెలుగు చేసినారు. పాలకుని మీద కోపాన్ని పాలకుని భాష మీదికి పోనివ్వలేదు. ఉర్దూ అక్షరం ముక్క రాని తెలుగువారికి మీర్జా గాలిబ్ పేరు తెలిసిందంటే అందులో ఈ చిన్నగూడూరు పంతుళ్ళ పిల్లవాని పాలు చాలా ఉన్నది.

ఇక జనగామ. అప్పట్లో అది నల్లగొండ జిల్లాలోని తాలూకా. ఆ తాలూకా పేరు చెప్తే ముందుగా గుర్తొచ్చేది పట్టభద్రుడు కాదు, కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి తగాదాలో కచేరీ మెట్లెక్కి, న్యాయం తన వైపు తెచ్చుకొని, 1940 ప్రాంతంలో ఆ దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హతుడైనాడు. ఆ కాలంలో తాలూకా కచేరీ కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచేవి. మతం ఒకటే అయినా, భాష ఒకటే అయినా, అండ లేని రైతుకు ఆ కాగితం ప్రాణం కాపాడలేదు. చదువుకున్నవారి జాబితా రాస్తూ ఈయనను తలవకుండా దాటిపోవడం మాకు మనసొప్పలేదు.

ఆ జనగామ నేల నుండే, పాలకుర్తి దగ్గరి గూడూరు నుండి చుక్కా రామయ్య గారు వచ్చినారు. తెలంగాణ పోరాటంలో పాల్గొని, పట్టా సంపాదించి, గణితం మాస్టరు అయినారు. సర్కారు కొలువులో లెక్కలు చెప్పి, రిటైరైన తరువాత నల్లకుంటలో మళ్ళీ లెక్కలే చెప్పినారు. ఎందరెందరో పిల్లలు ఆ తరగతి గది నుండి ఐ.ఐ.టి.లకు పోయినందున "ఐ.ఐ.టి. రామయ్య" అన్న పేరు స్థిరపడింది. శాసన మండలికి కూడా పోయినారు. మాస్టరు ఉద్యోగమా అని పెదవి విరిచే పెండ్లి పెద్దలకు ఈ పేరు చెప్పవచ్చును.

భూపాలపల్లి లెక్క వేరని పైన అన్నాము. ఆ జిల్లా 2016 అక్టోబరులో మిగతా రెండు జిల్లాలతో పాటే ఏర్పడింది, ఏర్పడుతూనే ఒక పట్టభద్రుని పేరు పెట్టుకున్నది. ఆచార్య కొత్తపల్లి జయశంకర్ 1934లో ఆత్మకూరు దగ్గరి అక్కంపేటలో పుట్టి, హనుమకొండలో చదివి, బెనారస్, అలీగఢ్‌లలో అర్థశాస్త్రం చేసి, ఉస్మానియా నుండి డాక్టరేటు తీసుకున్నారు. ఒకే మనిషి హిందూ విశ్వవిద్యాలయంలోనూ ముస్లిం విశ్వవిద్యాలయంలోనూ చదివి రావడం వినడానికే బాగుంటుంది. తెలుగెంత ధారాళమో ఉర్దూ అంత ధారాళం. వరంగల్ సి.కె.ఎం. కాలేజీ ప్రిన్సిపాల్‌గా, 1991 నుండి 1994 వరకు కాకతీయ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా పనిచేసినారు. ఆ కాకతీయ 1976లో వచ్చింది కాబట్టే మన మూడు చోట్ల ఆడపిల్లలు ఇల్లు మరీ దూరం కాకుండా డిగ్రీ చేయగలిగినారు. జయశంకర్ సారు పెండ్లి చేసుకోలేదు, ప్రత్యేక రాష్ట్రం కోసం జీవితమంతా మాట్లాడి, అది రాక మూడేండ్ల ముందే 2011 జూన్‌లో కన్ను మూసినారు.

వీరంతా పుస్తకాలకెక్కినవారు. ఎక్కనివారి సంగతే మాకు బాధ. 1948 తరువాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషుకు మారింది. ఉర్దూలో చదివి వచ్చిన మాస్టర్లు, గుమాస్తాలు, పేష్కార్లు ఒక్కసారిగా కచేరీ భాష రానివారైనారు. పెద్ద చదువుల వారు కొందరు దేశమే విడిచినారు. ఉస్మానియా తొలి విద్యార్థులలో ఒకరైన గణిత పండితుడు రజీయుద్దీన్ సిద్దీఖీ 1950లో పాకిస్తాన్‌కు, డాక్టర్ హమీదుల్లా పారిస్‌కు చేరినారు. ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తర్జుమా చేసిన ఆ హమీదుల్లా మన ఉస్మానియా సనదు గలవాడే. కాని మానుకోటలో, జనగామలో ఉండిపోయిన చిన్న సనదుల వారు ఏమైనారు? పిల్లలను ఏ మీడియంలో వేసినారు? ఆ తరువాతి తరం కుట్టు మిషన్ల మీదా, లారీ మెకానిక్ షెడ్లలోనూ ఎందుకు కనబడింది? 2006లో సచార్ కమిటీ లెక్క తీసేనాటికి దేశంలో ఇరవై యేండ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ గాని డిప్లొమా గాని ఉన్నవారు నూటికి నలుగురు కూడా లేరు. 2007లో నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చిన తరువాతనే ఈ సంచిక జాబితా పొడుగైనది. ఈ రెండు తేదీల నడుమ జరిగింది పుస్తకాలలో లేదు, మన ఇండ్లలో ఉన్నది.

కనుక సోదరులకూ సోదరీమణులకూ మనవి. తాతల నాటి ట్రంకు పెట్టెలలో ఉస్మానియా సనదు, మెట్రిక్ కాగితం, నౌకరీ హుకుం ఏదైనా ఉంటే పారవేయకుండా సొసైటీ ఆఫీసుకు తెచ్చి చూపించండి. నకలు తీసుకొని అసలు అప్పుడే వాపసు ఇస్తాము. ఉర్దూ చదవడం రానివారికి చదివి చెప్పే బాధ్యత మాది. పేరు, పాసైన సంవత్సరం, ఏ మీడియం, మొదటి కొలువు, 1948 తరువాత ఏమి చేసినారు, ఈ అయిదూ తెలిస్తే చాలు. నానమ్మలూ అమ్మమ్మలూ చదివి ఉంటే వారివి ముందు తెండి. వచ్చే సంచికలో ఈ యేటి పిల్లల జాబితాకు ఎదుటి పేజీ వారి కోసం ఖాళీగా ఉంచుతున్నాము.