లేబర్ రూమ్‌లో పుట్టిన హోదా

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న హాస్టళ్లలో నర్సింగ్ చదివిన అమ్మాయిలూ ఉంటారు. కొందరి గురి ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టు, కొందరిది అమెరికా లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్. ఎల్బీ నగర్ నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా విజయవాడ హైవే వెంట ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలు చేస్తూ చదివేవాళ్లు మరికొందరు. వీళ్లలో ఎవరో ఒకరు రేపు అదనపు శిక్షణ, అధికారం పొందిన నర్సు, అంటే నర్స్ ప్రాక్టీషనర్ అవుతారు. అప్పుడు ఐసీయూలోనో, లేబర్ రూమ్‌లోనో సంపాదించుకున్న పాత సర్టిఫికెట్‌ను డబ్బు కట్టి, గంటలు చూపించి నిలబెట్టుకోవాలా, వదిలేయాలా? ఆ హోదా ఎలా వచ్చిందో తెలిస్తే జవాబు సగం దొరుకుతుంది.

1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. పల్లెల్లో పిల్లలను చూసే డాక్టర్లు చాలినంతమంది లేరు. అక్కడ పబ్లిక్ హెల్త్ నర్సుగా పనిచేసిన ఫోర్డ్‌కు ఆ లోటు బాగా తెలుసు. చిన్న డాక్టర్లను తయారుచేయాలన్నది ఆమె ఉద్దేశం కాదు. నర్సు అప్పటికే చేస్తున్న పనిని పెంచి, దానికి అధికారం ఇవ్వాలనుకున్నారు. 2025 జనవరిలో 104 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

మన దగ్గర ఈ కథ కాన్పుల గదిలో మొదలైంది. 1948లో బొగ్గులకుంటలో రెండు పడకలతో ప్రారంభమైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నాయకత్వంలో 2011లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. అవసరం ఎంతటిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలే చెబుతాయి: తెలంగాణలో 2015-16 నాటికి కాన్పుల్లో 57.7 శాతం సిజేరియన్లే. 2019-21 సర్వేకి అది 60.7 శాతమైంది, దేశంలోనే ఎక్కువ. దేశ సగటు 21.5 శాతం. ఇంతమంది తల్లులకు కత్తి నిజంగా అవసరమైందంటే నేను నమ్మను.

2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టాయి. నొప్పులు పడుతున్న తల్లిని మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టకుండా నడిపించడం, ఆమెకు వీలైన భంగిమలో కాన్పు చేయడం, పక్కన సొంత మనిషిని ఉండనివ్వడం, అవసరం లేకుండా కోత పెట్టకపోవడం, ప్రమాదం కనిపించగానే ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవడం వాళ్లు నేర్చుకున్నారు. ఈ చివరిది చెప్పినంత తేలిక కాదు. ఎన్నో మామూలు కాన్పులు దగ్గరుండి చూసిన కళ్లకే మామూలు కానిది ముందుగా తెలుస్తుంది.

2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసి, 'నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ' అనే కొత్త కేడర్‌ను ప్రతిపాదించింది. ఆ శిక్షణకు జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి, రిజిస్ట్రేషన్ ఉండి, కాన్పులు చేసిన అనుభవం కూడా ఉండాలి. పాత పట్టా, పాత అనుభవం ఉంటేనే కొత్త కోర్సులో అడుగుపెట్టనిస్తారన్న మాట.

అందుకే మూల రిజిస్ట్రేషన్ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. మన నర్సు పేరు పక్కన ఉండే రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అనే రెండింటినీ ప్రాణంలా కాపాడుకోవాలి. అమెరికాలోనూ చాలా రాష్ట్రాల్లో ఆర్‌ఎన్ లైసెన్సు చెల్లుబాటులో లేకపోతే నర్స్ ప్రాక్టీషనర్ లైసెన్సు నిలవదు.

స్పెషాలిటీ సర్టిఫికెట్ల లెక్క వేరు. క్రిటికల్ కేర్ నర్సుల సీసీఆర్‌ఎన్‌నే చూడండి. దాన్ని మూడేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలంటే ఆ మూడేళ్లలో 432 గంటలు ప్రాణాపాయంలో ఉన్న రోగుల పక్కన పనిచేసి ఉండాలి. అందులో 144 గంటలు చివరి ఏడాదివే కావాలి. క్లినిక్‌లో బీపీ, షుగరు చూసే ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌కు ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆమె దాన్ని నిస్సంకోచంగా వదిలేయవచ్చు. ఐసీయూలోనే కొనసాగే ప్రాక్టీషనర్ మాత్రం నిలబెట్టుకోవాలి, అక్కడ అది రోజూ పనికొచ్చే చదువు. వదిలేసినా, గతంలో ఉండేదని చెప్పుకోవచ్చు గానీ పేరు పక్కన ఆ అక్షరాలు రాసుకోకూడదు. రోగి వాటిని నమ్మి చెయ్యి చాస్తాడు.

అనుభవ పత్రాలు మాత్రం ఏ ఒక్కటీ పారేయకండి. 2023లో రాష్ట్రం నిర్వహించిన స్టాఫ్ నర్సు నియామకంలో పరీక్షకు 80 మార్కులుంటే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కుల దాకా ఇచ్చారు.

ఆసుపత్రులు నడిపేవాళ్లకూ ఒక మాట. మిడ్‌వైఫరీలో శిక్షణ పొందిన సిస్టర్‌ను డ్యూటీ చార్టులో ఖాళీ ఉందని మరో వార్డుకు పంపకండి. చేసే పని దూరమైతే ఆమె చేతిలో సర్టిఫికెట్ ఉన్నా తల్లికి ఉపయోగం ఉండదు. ఇక హాస్టల్లో ఇది చదువుతున్న సిస్టర్లూ, మీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఏ తేదీ దాకా ఉందో ఈ వారమే చూసుకోండి.