హెబియస్ కార్పస్

హెబియస్ కార్పస్ ఇంగ్లిష్ న్యాయభాషలో స్థిరపడిన లాటిన్ పదబంధం. ఒక మనిషిని నిర్బంధించినవారు ఏ చట్టం ప్రకారం ఆ పని చేశారో కోర్టుకు జవాబు చెప్పాలని ఆదేశించే రిట్‌కు ఇది పేరు. తెలుగులో దీన్ని ‘బందీ ప్రత్యక్ష ఆదేశం’ అంటారు. పత్రికల్లోనూ కోర్టుల్లోనూ లాటిన్ పేరే వాడుకలో ఉంది.

అర్థం

‘హెబియస్’ అంటే ‘నీ దగ్గర ఉండాలి’. ‘కార్పస్’ అంటే శరీరం. బందీని వెంటబెట్టుకుని కోర్టుకు రావాలని భావం. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో రిట్‌లను లాటిన్‌లో రాసేవారు. ఆ రాతలోని మాటలే రిట్‌కు పేరయ్యాయి.

చరిత్ర

ఈ రిట్ అంతకుముందే ఉన్నా, అధికారులు జాప్యం చేసి తప్పించుకోకుండా 1679లో ఇంగ్లండ్ పార్లమెంటు హెబియస్ కార్పస్ చట్టం చేసింది. జమైకాకు పంపడానికి ఓడలో బంధించిన బానిస జేమ్స్ సోమర్సెట్‌కు 1772లో ఈ రిట్ ద్వారానే విడుదల దొరికింది; ఆ తీర్పు చెప్పినవాడు లార్డ్ మాన్స్‌ఫీల్డ్. తిరుగుబాటు లేదా దండయాత్ర సమయాల్లో ప్రజాభద్రతకు అవసరమైతే తప్ప దీన్ని నిలిపివేయరాదని అమెరికా రాజ్యాంగం చెబుతుంది.

భారతదేశంలో

రాజ్యాంగంలోని 32వ అధికరణ కింద సుప్రీంకోర్టు, 226వ అధికరణ కింద హైకోర్టులు ఈ రిట్ జారీ చేస్తాయి. బందీ తరఫున బంధువులు, స్నేహితులు కూడా పిటిషన్ వేయవచ్చు. పోలీసుల అక్రమ నిర్బంధానికే కాక, ప్రైవేటు వ్యక్తుల నిర్బంధానికీ, పిల్లల సంరక్షణ వివాదాలకూ ఇది వర్తిస్తుంది. విశాఖపట్నం సెంట్రల్ జైలులో ఉన్న నక్సల్బరీ నాయకుడు కానూ సన్యాల్ పిటిషన్‌పై 1973లో సుప్రీంకోర్టు, బందీని స్వయంగా హాజరుపరచకుండానే నిర్బంధం చట్టబద్ధతను విచారించవచ్చని తేల్చింది. రిట్‌కు ప్రాణం ఆ విచారణే.

ఎమర్జెన్సీలో ఈ రక్షణ కూలిపోయింది. 1976లో ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధితులు ఈ రిట్ కోరలేరని 4-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. విభేదించిన ఒకే ఒక్క న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా. 1978 నాటి 44వ సవరణతో, జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛల కోసం కోర్టుకు వెళ్లే దారిని ఎమర్జెన్సీలోనూ మూసే వీలు లేకుండా పోయింది. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు జబల్‌పూర్ తీర్పును కొట్టివేసి, ఖన్నా అభిప్రాయమే సరైనదని ప్రకటించింది.